కార్జం లోపలి ఎరుపు

పంది కార్జం, అదే లివరు, వండడంలో మా పేటలో నన్ను మించినవాళ్ళు లేరు. ఈ హన్నమ్మ తన గొప్ప తనే చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, ఇరవై రెండేళ్ళుగా మా చర్చి మందిర ప్రతిష్ఠ పండగకి గరిట పట్టింది నేనే. పేటంతా కలిసి తినే ప్రేమవిందుకి పందిని కోసిన రోజు కార్జాన్ని కూరలో వెయ్యరు. పక్కకి తీసి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకి పెడతారు. నెత్తురు పడుతుందని మా అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. కాగిన పెనం మీద ఇటూ అటూ రెండు తిప్పులు తిప్పి దించెయ్యాలి. అంతకు మించి ఉంచితే గట్టిపడిపోతుంది, సత్తువ కూడా పోతుందని మా నమ్మకం. ముక్క కొరికితే లోపల ఎర్రగా ఉండాలి.

ఈ ఏడు పేటలో కడుపుతో ఉన్నది మా కోడలు మానస ఒక్కతే. ఏడో నెల. రక్తం తొమ్మిది కూడా లేదని నర్సు జాయ్సీ కార్డులో రాసింది. మా అబ్బాయి బెంజమిన్ ఆకివీడులో చేపల లోడు ఎత్తుకుని లారీ మీద వెళ్ళాడంటే పది రోజులకి గాని ఇంటి మొహం చూడడు. పిల్ల మంచీ చెడ్డా నాదే. అందుకని కార్జం మొత్తం ఇంటికి తెచ్చి నా చేత్తో వేపాను. రుచి చూడకుండా ఎవరికీ పెట్టే అలవాటు లేదు కనక నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని, మిగతాదంతా పళ్ళెంలో పెట్టి మానస ముందుంచాను.

"ఒక్క ముక్క మిగిల్చినా ఊరుకోను" అని చెప్పి విందు వంటకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. నాకు ప్రాణం హాయిగా అనిపించింది.

విందైన తొమ్మిదో రోజు పొద్దున్న జాయ్సీ మానసకి బీపీ చూడ్డానికి వచ్చింది. చెరువుగట్టు అవతలి ఊళ్ళో ఇద్దరికి కామెర్లు వచ్చాయని, అందుకే ఇల్లిల్లూ అడుగుతున్నామని చెప్పింది.

"నీళ్ళ వల్లా వస్తాయండీ, సరిగ్గా ఉడకని పంది మాంసం వల్లా వస్తాయండీ. ముఖ్యంగా కార్జం. కామెర్లు తెచ్చే వైరస్ కూర్చునేదే అక్కడ. పెనం మీద పైపైన కాలిస్తే చావదు. లోపలిదాకా వేడెక్కి, సలసలా ఉడుకుతూ ఇరవై నిమిషాలన్నా ఉండాలి" అంది.

"వస్తే ఏమవుతుంది?" అన్నాను.

"మామూలు మనిషికి నెలా నెలన్నరలో తగ్గిపోతాయండీ. కడుపుతో ఉన్నవాళ్ళకి వస్తేనే భయం. ఒక్కోసారి తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు." కాస్త ఆగి నా వైపు తిరిగింది. "మీరు బాగా ఉడికించే పెట్టారు కదండీ, హన్నమ్మగారూ?"

పెనం మీది రెండు తిప్పులూ గుర్తొచ్చాయి. నోరు మాత్రం దాని పని అది చేసింది.

"ఉడికించకుండా ఎవరన్నా పెడతారా? నాకు వంట నేర్పడానికొచ్చావా?" అన్నాను.

జాయ్సీ నొచ్చుకుని "అబ్బే, అందర్నీ అడుగుతున్నానండీ" అంది. మానస తల వంచుకుని చేతికున్న బీపీ పట్టీ విప్పుకుంటోంది. జాయ్సీ వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి, ఎన్నాళ్ళకి బయటపడతాయని మెల్లగా అడిగాను. రెండు వారాల నుంచి రెండు నెలల్లోపు ఎప్పుడైనా అంది. దానికంటూ మందు లేదట, కనిపెట్టుకుని ఉండడమేనట.

మందే లేనప్పుడు నిజం చెప్పి ఏం లాభం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. సిగ్గేసి చెప్పలేదు. పేటంతా మెచ్చుకున్న చేత్తో కోడలికి విషం పెట్టానని ఏ నోటితో చెప్పను?

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. పొద్దున్నే తలలో చిక్కు తీస్తానని మానసని అరుగు మీద కూచోబెట్టి, ఎండ మొహాన పడేలా తిప్పి, కళ్ళలోకి చూసేదాన్ని. తెల్లగా ఉంటే ఆ పూటకి ఊపిరి పీల్చుకునేదాన్ని. ఒక రోజు దాని వేళ్ళు పచ్చగా కనిపిస్తే చెయ్యి లాక్కుని వెలుగులో పెట్టి చూశాను. చేపముక్కలకి పసుపు పట్టించానండీ అంది. దొడ్లోంచి వస్తే ఒంటేలు ఏ రంగులో వచ్చిందని అడిగేదాన్ని. అది సిగ్గుతో చచ్చిపోయేది, అయినా అడగడం మానలేదు.

ఇక వంట సంగతి చెప్పుకోకూడదు. గుడ్డుని అరగంట ఉడికించాను. కోడికూరలో ఎముకా కండా వేరైపోయి, ఏది ఏదో తెలియకుండా ముద్దైపోయింది. పక్కింటి సూర్యకాంతం వచ్చి చూసి "ఏంటి వదినా, గిన్నె కూడా కలిపి ఉడకబెడతావా?" అని నవ్వింది. నవ్వే ఓపిక నాకు లేదు.

విందై నాలుగు వారాలు గడిచాయి. మానస బాగానే తింటోంది, బాగానే తిరుగుతోంది. నేనే ఒక్క మెతుకు లోపలికి పోక నీరసించిపోయాను. తాలింపు వాసనకి కడుపులో తిప్పేది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడేది. దిగులుతో మనిషి ఇలాగే అవుతుందనుకున్నాను. నా ఒంటి గురించి ఆలోచించే స్థితిలో నేను లేను.

ముప్పై ఆరో రోజు చిక్కు తీద్దామని దువ్వెన పట్టుకుంటే మానస నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అత్తయ్యగారూ, మీరే ఒకసారి ఇలా వెలుగులోకి రండి" అంది. నా కంటి కింద రెప్పని వేలితో లాగి చూసింది. "మీ కళ్ళు పచ్చగా ఉన్నాయండీ."

నా కళ్ళ గురించి నాకు దిగులు కలగలేదు. నాలుగు ముక్కలు తిన్న నాకే వస్తే, పళ్ళెమంతా తిన్నదాని గతేంటనిపించింది. అక్కడే కూచుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. పెనం మీద రెండే తిప్పులు తిప్పానని, జాయ్సీకి అబద్ధం చెప్పానని, నిన్ను నేనే చంపుకుంటున్నానని ఏడ్చాను.

మానస నా పక్కన కూచుంది.

"నేనది అలా తినలేదండీ" అంది. "మాంసమేదైనా లోపల ఎరుపు పోయేదాకా ఉడికించుకోమని నాలుగో నెలలోనే జాయ్సీగారు చెప్పారు. మీరు వెళ్ళాక గిన్నెలో నీళ్ళు పోసి, మూతపెట్టి అరగంట ఉడకబెట్టుకుని తిన్నాను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"మీకు కోపం వస్తుందనండీ. తర్వాత జాయ్సీగారి ముందు మీరు అలా అన్నాక ఇంక నోరు రాలేదు. మీరు నాలుగు ముక్కలు తిన్నారని నాకు తెలియదు. తెలిస్తే చెప్పేదాన్నండీ." అప్పుడు అదీ ఏడ్చింది.

జాయ్సీకి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా ఇద్దర్నీ ఏలూరు తీసుకెళ్ళి పరీక్షకి రక్తం ఇప్పించింది. మర్నాడు కాగితాలు వచ్చాయి. నాకు ఉంది. మానసకి లేదు. నన్ను పడుకుని విశ్రాంతి తీసుకోమన్నారు, వంటింట్లోకి అడుగు పెట్టొద్దన్నారు. పచ్చబడ్డది నా కళ్ళే అయినందుకు ఆసుపత్రి వరండాలోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చే ఆటోలో మానస నాకు కాస్త ఎడంగా, చల్లగాలికి కళ్ళు మూసుకుని కూచుంది. నా మనసులో ఒక్కటే తొలుస్తోంది. అడగకుండా ఉండలేకపోయాను.

"అమ్మాయ్, ఆ రోజు నేను విందు వంటకి వెళ్ళకుండా నీ ఎదురుగానే కూచుని ఉంటే ఏం చేసేదానివి?"

మానస కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు.

"తినేసేదాన్నండీ" అంది.