సిలబస్ ఆగిన పేజీ

నేను ఒక జిరాక్సు పుస్తకాన్ని. కాకినాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఎదుటి కొట్టులో పుట్టాను. మనిషి రాసిన సూచనల్ని యంత్రానికి తెలిసే ఆజ్ఞలుగా మార్చే ప్రోగ్రాంను కంపైలర్ అంటారు. దాన్ని ఎలా తయారుచెయ్యాలో చెబుతాను, అదీ సగమే. నన్ను చేయించిన లెక్చరర్ భానోజీరావు గారు సిలబస్‌లో ఉన్నంతవరకే కాపీ తీయించారు. మాటల్ని విడగొట్టడం, వాక్యం సరిచూడటం, అంతే. ఆజ్ఞలు పుట్టించే అధ్యాయాలు పరీక్షకు రావు. పదకొండేళ్ళు ఆయన నన్ను చూసి పాఠం చెప్పారు. పిల్లలు పాసయ్యారు. ఒక్కరూ కంపైలర్ రాయలేదు. అది ఎవరికీ లోటుగా తోచలేదు.

ఆయన రిటైరయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చింది పాత విద్యార్థిని ఫర్హానా. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే చక్రాలుంటాయి. వాటిని నడిపే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో ఆమె పనిచేస్తోంది. ఏ చెరువులో చక్రాలు ఎప్పుడు తిరగాలో కంపెనీ సొంత భాషలో రాసిపెట్టుకున్నారు. పెట్టెల్లోని పాత చిప్పు ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. కొత్త చిప్పుకు పాత కంపైలర్ పనికిరాదు. పాతది రాసినాయన చనిపోయాడు. వేసవి ముదిరేలోపు కొత్తది రాయాలి.

ఆమె రెండు నెలలు ఇంటర్నెట్టు గాలించింది. వీడియోలన్నీ మాటల్ని విడగొట్టి, ఏదో బొమ్మ గీసి, మిగతాది మీరే ప్రయత్నించండి అని ముగిసేవి. లావుపాటి పుస్తకాల్లో సిద్ధాంతం దొరికింది గాని, పని ఎక్కడ మొదలుపెట్టాలో దొరకలేదు. చివరికి మాస్టారు గుర్తొచ్చి, ఆయన్ని అడిగి నన్ను తీసుకెళ్ళింది. వారంలో నా ఆఖరి పేజీకి వచ్చి, మళ్ళీ ఆయన ఇంటికి వచ్చింది.

"మాస్టారూ, దీని తర్వాత ఏం చెయ్యాలండీ?"

భానోజీరావు గారు నన్ను చాలాసేపు తిరగేశారు. "నేనూ ఇక్కడిదాకే చదివానమ్మా. తర్వాతది నాకు రాదు. ఇన్నేళ్ళూ అడిగినవాళ్ళు లేక బతికిపోయాను."

ఫర్హానా నన్ను మూసి సంచిలో పెట్టుకోబోయింది. ఆయనే, "నీతోపాటు నేనూ కూర్చోనా?" అని అడిగారు.

ఎవరో రాసి అందరి కోసం వదిలేసిన చిన్న కంపైలర్ ఒకటి దొరికింది. రెండువేల వరుసలు. ఏ వరుస ఎందుకుందో తేలేదాకా వదలకుండా ఇద్దరూ చదివారు. తేలినదల్లా నా అంచుల్లో రాశారు. తన పాఠంలో తప్పు కనిపించిన చోటల్లా ఆయన ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఆ గీతలు నన్ను కోస్తున్నాయో, ఆయన్నో, నాకు తెలిసేది కాదు.

మార్చిలో కొత్త కంపైలర్ తయారైంది. బల్లమీద పెట్టిన పరీక్షలన్నీ నెగ్గింది. మొదటి పెట్టెను తాళ్ళరేవు దగ్గర వీర్రాజు గారి చెరువుకు బిగించారు. మూడో రోజు దట్టంగా మబ్బు పట్టింది. అలాంటప్పుడు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. చక్రాలు ఇంకా గట్టిగా తిరగాలి. ఆగిపోయాయి. వీర్రాజు గారు భోజనం చేసి వచ్చేసరికి గట్టు పొడవునా చచ్చిన రొయ్యలే.

తప్పు దొరకడానికి రెండు రోజులు పట్టింది. ఒక వాక్యంలో రెండు షరతులుంటే కంపైలర్ రెండోదాన్ని తలకిందులు చేస్తోంది. పగటిపూట అయి, ఆక్సిజన్ తగ్గితే తిప్పు అన్నది, తగ్గితే ఆపు అయింది. బల్లమీద ఒక్కో షరతునే విడివిడిగా పరీక్షించారు కాబట్టి ముందు బయటపడలేదు.

ఆక్సిజన్ కొలిచే మీటరే చెడిందని వీర్రాజు గారికి చెప్పి రమ్మన్నాడు కంపెనీ యజమాని. ఫర్హానా నన్ను సంచిలో పెట్టుకుని చెరువుకు వెళ్ళింది. మాస్టారు వెంట వచ్చారు.

"మీటరు బాగానే ఉందండీ," అంది. "నేనే తప్పు రాశాను."

వీర్రాజు గారు కేక వెయ్యలేదు. వేసుంటే ఆమెకు తేలికగా ఉండేది. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు.

"నా దగ్గరేనండి," అన్నారు భానోజీరావు గారు. "సగం నేర్పి వదిలేశాను."

వీర్రాజు గారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మళ్ళీ చెరువులో రొయ్యపిల్ల వేసినప్పుడు పెట్టె తెండి. మబ్బు పట్టే రోజుదాకా మీరిద్దరూ ఈ గట్టు మీదే కూకోవాల."

కూర్చున్నారు. తప్పు దిద్దిన పెట్టె బిగించిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. మీటరు ముల్లు కిందికి దిగింది. పెట్టెతో పనిలేకుండా చక్రాలు తిప్పే స్విచ్చు మీద వీర్రాజు గారు చెయ్యి వేశారు. చక్రాలు కదిలి, నీళ్ళు చిమ్ముతూ తిరగసాగాయి.

వీర్రాజు గారు అప్పటికీ స్విచ్చు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తియ్యమని ఫర్హానా అడగలేదు.