చిదంబరం పేరున

పోగు తెగింది. పొన్నుస్వామి రెండడుగులు ముందుకేసి, తిరుగుతున్న కదురుని ఎడమ చేత్తో పట్టి ఆపి, కండె మీద కొస వెతికి, పైన రోలరు కింద జారే దూదికి ఆనించి వదిలాడు. అతుక్కుంది. నాలుగు కదుళ్ళ అవతల ఇంకొకటి తెగింది. అక్కడికి నడిచాడు.

పద్నాలుగేళ్ళుగా ఇదే నడక. ఈ ఫ్రేము పక్కన ఆ కొస దాకా పోవడం, రెండో ఫ్రేము పక్కన తిరిగి రావడం. ఒక షిఫ్టులో నడిచేది పొల్లాచ్చి దారిలో సగం దూరం ఉంటుందని ఎవరో లెక్కేసి చెప్పారు. నిజమో అబద్ధమో గానీ, సాయంత్రమయ్యేసరికి కాళ్ళు మాత్రం నిజమనే చెప్తాయి.

మనిషికి నలభై రెండేళ్ళు. చూస్తే యాభై ఐదు అంటారు. జుట్టు మీద దూది, కనుబొమల మీద దూది, చెవుల్లో దూది. పోగు తెగకూడదని లోపల గాలిని తడిగా, వేడిగా ఉంచుతారు, కిటికీలు తెరవనివ్వరు. ఆ గాలి పోగుకి మంచిదే. మనిషి రొమ్ములోకి పోయాక మాత్రం పొద్దున లేవగానే పావుగంట దగ్గు.

మేస్త్రి మునియాండి వచ్చి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. ఆ మోతలో అరిస్తేనే మాట్లాడినట్టు.

"ఏమప్పా చిదంబరం, పాపను ఎప్పుడు తోడుకోని వస్తావ్? రీలింగులో నూలు చుట్టేదానికి ఒక చోటు కాలీగా ఉండాది. ఈ వారం దాటితే ఇంకెవరి పిల్లనో పెట్టేస్తారు."

"రేపొక్క రోజు తాళండి మేస్త్రీ."

"డాక్టరు చదువు పిచ్చి ఇంకా తలకాయలోంచి దిగలేదా?"

"అది నా తలలో లేదు మేస్త్రీ. దాని తలలో ఉండాది. మార్కులు కూడా ఉండాయి."

మునియాండి నవ్వి, నోట్లో ఆకూ వక్కా ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుని వెళ్ళిపోయాడు. మంచోడే. ఈ మిల్లులో చిదంబరం అసలు చిదంబరం కాదని తెలిసినవాడు ఆయనొక్కడే.

అదేం పెద్ద రహస్యం కాదు. ఆ కాలంలో అట్లాంటివి ఎన్నో జరిగాయి. చిదంబరం పొన్నుస్వామికి అన్న. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఆండిపట్టి పక్కన పల్లె నుంచి వచ్చి, ఈ మిల్లులో పర్మనెంటు బిళ్ళ సంపాదించాడు. బిళ్ళ అంటే టైమాఫీసులో తగిలించే ఇత్తడి టోకెను, నాలుగొందల పదిహేడు దాని నంబరు. అరవై ఒకటిలో దగ్గు ముదిరి సెలవు పెట్టి ఊరికొచ్చాడు. సెలవు ఇంకా పది రోజులుండగానే పోయాడు. ఆ ఏడు వాన లేదు. పొన్నుస్వామి కూలికి పోదామన్నా పిలిచేవాళ్ళు లేరు. ఇంట్లో ముసలి తల్లి, పెళ్ళాం చెల్లమ్మాళ్, మూడేళ్ళ కనకం.

తల్లి ఏడ్చి ఏడ్చి, తెల్లవారే సమయానికి కళ్ళు తుడుచుకుని ఒకటే మాట అనింది. "పోయినోడు పోయినాడు. వాడి బిళ్ళ పోకూడదు."

అన్నదమ్ములిద్దరికీ ఒకే ముక్కు, ఒకే నడక. పొన్నుస్వామి అన్న చొక్కా తొడుక్కుని కోయంబత్తూరు బస్సెక్కాడు. ఊరి మునసబు చావు రాసుకోడానికి వస్తే, పోయింది చిన్నోడు పొన్నుస్వామి అని తల్లి చెప్పింది. మునసబు వేలువిడిచిన మామే. కళ్ళు మూసుకుని రాసేసి, కాయితం చెల్లమ్మాళ్ చేతికిచ్చాడు.

అప్పట్నుంచి మిల్లులోనూ, లైను ఇళ్ళలోనూ ఆయన చిదంబరమే. ఆ పేరుతో పిలిస్తేనే గబుక్కున తిరుగుతాడు. ఊరి నుంచి ఎవరైనా వచ్చి పొన్నుస్వామీ అంటే ఒక క్షణం ఆగి, ఓహో నన్నే కదా అనుకుని తిరుగుతాడు. ఏడాదికోసారి మహాలయ అమావాస్యకు పేరూరు పోయి, నొయ్యల్ ఏట్లో దిగి అన్నకు నువ్వులూ నీళ్ళూ వదుల్తాడు. ఒకసారి అయ్యరు పోయినవాళ్ళ పేరడిగితే చిదంబరం అన్నాడు. పక్కనే నీళ్ళలో మిల్లువాడొకడు నిలబడి ఉన్నాడు. "ఏం చిదంబరం, నీకు నువ్వే ఇచ్చుకుంటాండావా?" అని పగలబడి నవ్వాడు. పొన్నుస్వామి కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు.

ఒక్క చోట మాత్రం తప్పు జరిగింది. కనకాన్ని బడిలో వేసిన రోజు హెడ్ టీచరమ్మ తలెత్తకుండా తండ్రి పేరేమిటి అనింది. ఆ రోజు ఆయన ఒంటి మీద కొత్త పంచె ఉంది, చేతిలో బిడ్డ చెయ్యి ఉంది. నోటికి తెలీకుండానే పొన్నుస్వామి అనేశాడు. ఆవిడ రాసేసింది. దిద్దమని అడిగి ఉండచ్చు. అడగలేదు. ఒక్క చోటైనా ఉండనీలే అనుకున్నాడు.

ఇప్పుడు ఆ ఒక్క చోటే అడ్డం తిరిగింది. కనకం పియుసిలో కాలేజీకే రెండో మార్కు తెచ్చుకుంది. మెడికల్ కాలేజీకి ఫారం ఇచ్చే కడపటి రోజు రేపు సాయంత్రం. ఫీజూ, హాస్టలూ సర్కారే చూసుకోవాలంటే, తండ్రి ఎక్కడ పని చేస్తాడో, జీతమెంతో కంపెనీ లెటరు జత చెయ్యాలి. ఆ లెటరు లేకపోతే సీటొచ్చినా పోలేదు. రీలింగులో చోటు కాలీగా ఉంది.

మూడున్నరకు షిఫ్టు మారే సంగు ఊదింది. రెండో షిఫ్టువాళ్ళు లోపలికొస్తుంటే, పొన్నుస్వామి ఒంటి మీది దూది దులుపుకుంటూ టైమాఫీసుకు పోయాడు. గుమాస్తా లెటరు సిద్ధంగా పెట్టాడు.

"సార్, ఒక చిన్న మాట. పేరు లేకుండా ఇస్తారా? టోకెన్ నంబరు నాలుగొందల పదిహేడు అని పెడితే చాలు."

గుమాస్తా కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఏమయ్యా, కాలేజీలో చేర్చేది నీ కూతుర్నా, నంబర్నా?"

నిజం చెప్పేస్తే ఎట్లా ఉంటుందని ఒక్క నిమిషం అనుకున్నాడు. చెప్తే ఉద్యోగం ఈ గడప దాటేలోపల పోతుంది. పద్నాలుగేళ్ళ సర్వీసు గాల్లో కలుస్తుంది. తెలిసీ దాచినందుకు ముసలి మునియాండి కూడా వీధిన పడతాడు. లెటరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దాని మీద చిదంబరం అని పొందిగ్గా టైపు కొట్టి ఉంది.

గాంధీపురం బస్టాండు పక్కన తడికల పందిరి కింద బాలకృష్ణన్ టైపు మిషను పెట్టుకుని కూర్చుంటాడు. పెరియకుళం వాడు. ఇంట్లో తెలుగు మాటే కాబట్టి మనవాళ్ళంతా అర్జీలకు ఆయన దగ్గరికే పోతారు. చెల్లమ్మాళ్, కనకం ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. కనకం రెండు జడలేసుకుని, ఒళ్ళో సర్టిఫికెట్లు పెట్టుకుని, వాటి మీద రెండు చేతులూ ఆనించుకుని ఉంది, గాలికి పోతాయేమో అన్నట్టు.

ఫారాలు రెండు కొన్నారు. ఒకటి చిత్తుకి, ఒకటి మంచిదానికి. చిత్తుది ఆదివారమే ఇంట్లో నింపేశారు. కింద తండ్రి సంతకం అన్న చోట పొన్నుస్వామి సంతకం పెట్టాడు. ఐదో తరగతి అరవ చదువు ఆయనది. పద్నాలుగేళ్ళ తర్వాత సొంత పేరు రాసుకుంటే అక్షరాలు కొంచెం వణికాయి గానీ, రాశాక చాలాసేపు చూసుకున్నాడు.

బాలకృష్ణన్ లెటరు ఒక చేత్తో, చిత్తు ఫారం ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

"అన్నా, ఇదేమి? స్కూలు పుస్తకంలో నాయన పొన్నుస్వామి. మిల్లు లెటర్లో చిదంబరం. ఇట్లా ఇస్తే చెత్తబుట్టలోనే వేస్తారు."

పొన్నుస్వామికి కాళ్ళు లాగుతున్నాయి, కూర్చోడానికి బెంచీ మీద చోటు లేదు. పందిరి గుంజకి ఆనుకున్నాడు. కనకం సర్టిఫికెట్లు సర్దుకోవడం మొదలుపెట్టింది.

చెల్లమ్మాళ్ కొంగు ముడి విప్పింది. పసుపు గుడ్డలో చుట్టిన కాయితం తీసి మిషను పక్కన పెట్టింది.

పొన్నుస్వామి గుర్తుపట్టాడు. "ఏమే, దీన్ని కాల్చేయమని చెప్పినా కదా అప్పుడే?"

"చెప్పినారు. కాయితం కదా, ఎప్పుడైనా అక్కర పడతాదని పెట్టినా."

బాలకృష్ణన్ విప్పి చదివాడు. మునసబు ముద్ర ఉంది. పొన్నుస్వామి, ఆండిపట్టి తాలూకా, చనిపోయిన తేదీ. చదివి, గుంజకి ఆనుకున్న మనిషిని చూసి, మళ్ళీ కాయితం చూశాడు. ఏమీ అడగలేదు. టైపు కొట్టేవాళ్ళు ఎన్నో చూసి ఉంటారు.

"నాయన లేడు," అంది చెల్లమ్మాళ్, నేల చూస్తూ. "పెద్దనైనా సాకుతాండాడు. మిల్లులో పని. ఇట్లా రాస్తే సరిపోతాదా తమ్ముడూ?"

"సరిపోతాదక్కా. గార్డియన్ అని ఒక చోటు ఉండాది. నాయన లేని పిల్ల అంటే ఇంకా దయగా కూడా చూస్తారు."

"నాకెవరి దయా వద్దు," అంది కనకం. గొంతు పైకి లేవలేదు. "నేను రాయను. నైనా ముందర నిలబడుకోని ఉంటే పోయినాడని ఎట్లా రాసేది? నేను రీలింగుకే పోతా."

పొన్నుస్వామి ఆమె చేతులు చూశాడు. వేళ్ళు సన్నగా, పొడుగ్గా ఉన్నాయి. రీలింగు పనికి అట్లాంటి వేళ్ళే కావాలంటాడు మునియాండి. ఏడాదికల్లా కొసల్లో పగుళ్ళు వస్తాయి, పోగు కోసేసి.

"కొత్తగా రాసేదేముంది పాపా," అన్నాడు. "నువ్వు మూడేళ్ళ పిల్లప్పుడే మీ అవ్వ రాయించింది. నేను పోయి పద్నాలుగేళ్ళు అయిపోయింది. నువ్వేమో ఇప్పుడు ఏడస్తాండావు."

"నవ్వులాట కాదు నైనా."

"స్కూలు పుస్తకంలో పేరు అట్లానే ఉంటాది కదే," అంది చెల్లమ్మాళ్. "పేరు పోదు. ఈయనే పోతాడు."

ఆ మాట అనేసి ఆవిడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పళని బస్సువాడు ఊరి పేర్లు అరుస్తూ పందిరి ముందు నుంచి పోయాడు.

"ఈయన నిజంగా పోయినప్పుడు ఏ పేరు రాస్తారో," అంది చెల్లమ్మాళ్, తనలో తను అనుకున్నట్టు.

"అప్పటికి ఇది డాక్టరమ్మ కదా," అన్నాడు పొన్నుస్వామి. "సర్టిఫికెట్ ఇదే రాస్తాది. దానికి తెలుసు ఏ పేరు రాయాలో."

కనకం తల వంచుకుంది. చాలాసేపటికి, సర్టిఫికెట్లు మళ్ళీ ఒక్కొక్కటే తీసి బాలకృష్ణన్ ముందు పెట్టింది.

రెండో ఫారం మిషనులో ఎక్కింది. తండ్రి పేరు గడి దగ్గర బాలకృష్ణన్ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఆ తర్వాత పేరుకు ముందు లేట్ అని కొట్టాడు. నాలుగు టకటకలు, అంతే. మిషను బండి గంట మోగింది, కింది వరసకు జరిగింది. పొన్నుస్వామికి దగ్గొచ్చింది. పక్కకు తిరిగి దగ్గేసి, వచ్చి, గార్డియన్ అన్న చోట చిదంబరం అని సంతకం పెట్టాడు. ఈ పేరు రాయడంలో చెయ్యి వణకలేదు. నెలనెలా రాసే పేరే.

"అక్కా," అన్నాడు బాలకృష్ణన్ చెల్లమ్మాళ్ నొసటి వైపు చూసీ చూడనట్టు. "రేపు ఆఫీసుకు మీరు పోవద్దు. ఇంటర్వ్యూకీ వద్దు. ఆయన, పాప పోతే చాలు."

చెల్లమ్మాళ్ నొసటి కుంకుమ తడుముకుంది. అంత పెద్ద బొట్టు పెట్టుకుని మొగుడు పోయినదాన్నని ఎట్లా నిలబడుతుంది. "సరి తమ్ముడూ," అంది.

ఇంటికి పోయే పీలమేడు బస్సు నిలబడి ఉంది. చెల్లమ్మాళ్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పొన్నుస్వామి మెట్టు దగ్గర ఆగి కనకంతో మెల్లగా అన్నాడు. "రేపు ఎవరైనా నేనెవరని అడిగితే తడుముకోకూడదు. ఇప్పుడే ఒకసారి చెప్పి చూడు."

వెనక జనం తోస్తున్నారు. కండక్టరు ఎక్కండి ఎక్కండి అంటున్నాడు. మెట్టు ఎత్తుగా ఉంది, రోజంతా నడిచిన ఆ కాలు ఒక్కసారికి పైకి లేవలేదు. కనకం ఆయన మోచెయ్యి కింద చెయ్యి పెట్టింది.

"జాగ్రత్తగా ఎక్కండి, పెద్దనైనా," అంది.

నైనాని కనకం ఎప్పుడూ నువ్వు అనేది. ఎక్కండి అనిపించుకోవడం ఇదే మొదలు. ఆయన ఎక్కి, చెల్లమ్మాళ్ పక్కన కూర్చుని, కిటికీలోంచి బయటికి చూశాడు. చెల్లమ్మాళ్ కూడా అటే చూస్తోంది.

పందిరి కింద అప్పుడే ఇంకొకరెవరో వచ్చి అర్జీ కొట్టమంటున్నారు. బాలకృష్ణన్ చిత్తు ఫారం చేతిలోకి తీసుకున్నాడు. పారేస్తాడనుకున్నాడు పొన్నుస్వామి. పారెయ్యలేదు. రోలరు అరగకుండా కొత్త కాయితం వెనక దన్నుగా పెట్టి, రెండూ కలిపి మిషనులో ఎక్కించాడు. బస్సు కదిలేదాకా ఆ చిత్తు ఫారం అంచు కొత్త కాయితం పైన కొంచెం కనిపిస్తూనే ఉంది, వణికిన అక్షరాల్లో పొన్నుస్వామి సంతకం రోలరు వెనక వైపు ఉండి, ఒక్కొక్క వరసకీ కొంచెం కొంచెంగా లోపలికి జరుగుతూ.