గేటు ముందర పూడ్చిన బిడ్డ

మంగళవారం మా ఆసుపత్రిలో గర్భిణులను చూసే రోజు. ఆ మంగళవారం పొద్దున సరళ నిండు కడుపుతో జయరాం బండల పాలిష్ ఫ్యాక్టరీ గేటు లోపల నిలబడి, ఆసుపత్రికి పోవాలి తాళం తీయమని వాచ్‌మన్ చౌడప్పను అడుగుతోంది. ఓనరు చెప్పందే తీయలేనని చౌడప్ప తల దించుకున్నాడు. మేమంతా చూశాం. చేతుల్లో బండలు పట్టుకునే చూశాం.

ఓనరు జయరాం రెడ్డి తన గదిలోంచి బయటికి వచ్చాడు. సరళ, బిడ్డ కదలడం తగ్గిందని చెప్పింది.

"కడుపులు మీరు తెచ్చుకొని నా మిషను నిలపమంటారా? లోడు పోయినాక పో," అన్నాడు.

లోడు పోయింది. దాని వెనక ఇంకో లోడు వచ్చింది. తాడిపత్రి చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీల్లో లోడు అయిపోయిందనే మాట ఎవరూ వినలేదు.

నా పేరు ఆంజినమ్మ. కోసిన బండలను కడిగి ఎండకు నిలబెట్టే పని నాది. శనక్కాయ పంటలు వరసగా ఎండిపోయి, బోర్లు దుమ్ము కక్కితే ఊళ్లు విడిచి వచ్చినవాళ్లం మేము. ఫ్యాక్టరీ వెనక రేకుల కాలనీలో ఉంటాం. ఆడవాళ్లం బండలు మోస్తాం, మగవాళ్లు మిషన్లు తిప్పుతారు, లారీలు తోలుతారు. సరళ మొగుడు ప్రతాప్ జయరాం లారీకే డ్రైవరు. మద్రాసుకు, కొచ్చికి బండలు వేసుకుపోయి ఎప్పుడో తిరిగి వచ్చేవాడు. వచ్చిన రోజే మళ్లీ లోడు ఎక్కించి పంపేవాడు జయరాం.

కడుపుతో ఉన్న కొత్తలో సరళ ఒకసారి కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి పోయింది. బరువు చూశారు, రక్తం పట్టే మాత్రలు ఇచ్చారు. రక్తంలో అంటురోగాలు చూసే సామాన్లు రాలేదు, మళ్లీ రమ్మన్నారు. ఆ ఆసుపత్రి కమిటీకి పెద్ద జయరామే. వరండా అంతా తన ఫ్యాక్టరీ బండలు పరిపించి, గోడకు తన పేరు చెక్కిన రాయి పెట్టించుకున్నాడు. రక్తం చూసే గది మాత్రం తాళం వేసే ఉండేది. ఆ సామాన్లు ఎందుకు రాలేదని కమిటీ పెద్ద ఏనాడూ అడగలేదు. సరళ మళ్లీ పోదామంటే ఇక్కడ గేటు తెరవలేదు.

ఆ మంగళవారం సాయంత్రానికి సరళ కడుపులో కదలిక ఆగిపోయింది. అత్త అక్కమ్మ ఆమెను ఆటోలో వేసుకొని అనంతపురం తీసుకుపోయింది. తోడు నేను పోయాను. అక్కడ పెద్దాసుపత్రిలో సరళ చచ్చిపోయిన ఆడబిడ్డను కన్నది. బిడ్డ ఒంటి మీద తోలు ఊడిపోయి ఉంది. అక్కమ్మ తన చీర చెంగుతో బిడ్డ ముఖం తుడిచి, ముక్కు సరళదేనని నాతో చెప్పింది.

జాయ్ అనే నర్సు మా ఇద్దరినీ పక్కకు పిలిచి కూర్చోబెట్టింది. సరళ రక్తంలో సవాయి రోగం ఉందని, డాక్టర్లు దాన్నే సిఫిలిస్ అంటారని చెప్పింది. మొగుడి నుంచి పెళ్లానికి, పెళ్లాం నుంచి కడుపులో బిడ్డకు పోతుందట. పైకి ఏమీ కనపడకుండా ఉంటుందట.

"ముందుగానే కనిపెట్టి ఉంటే?" అని అక్కమ్మ అడిగింది.

జాయ్ అక్కమ్మ పక్కన కూర్చుంది. "ఒక చుక్క రక్తం చూసింటే తెలిసేదమ్మా. మొదటి నెలల్లోనే పెన్సిలిన్ సూది వేసింటే బిడ్డ దక్కుతాండె. ఇప్పుడు ఈమెకు వేసినాము. నీ కొడుక్కీ వేయాల. మళ్లీ పిల్లలు పుడతారు, భయం లేదు."

"ఒక్క సూదితో పోయే రోగానికి నా మనవరాలు పోయిందా," అంది అక్కమ్మ. ఏడవలేదు. దవడలు బిగించి కూర్చుంది. ఆ ముఖం చూసి నాకే భయమేసింది.

మర్నాడు బిడ్డను గుడ్డలో చుట్టుకొని మేం కాలనీకి వచ్చేసరికి, మాకంటే ముందే జయరాం మాటలు వచ్చి ఉన్నాయి. ఆసుపత్రి కమిటీలో తనకున్న పలుకుబడితో రోగం సంగతి ఎక్కడో ఆరా తీశాడు. సరళ నడత మంచిది కాదని, బండలు మోసే ఆడవాళ్లందరికీ ఆ రోగాలున్నాయని, అందుకే బిడ్డ చచ్చిందని తన మనుషులతో చెప్పించాడు. మా కాలనీ ఆ మాటలు నమ్మింది. ఆటో దిగిన సరళకు ఎవరూ నీళ్లివ్వలేదు. కటింగు మిషను తిప్పే నల్లప్ప, కడుపుతో ఉన్న తన పెళ్లాం చౌడేశ్వరిని లోపలికి పొమ్మని, సరళ దగ్గరికి పోవద్దని అందరిలో చెప్పాడు.

అందరూ కాలనీలో చర్చి నడిచే రేకుల షెడ్డు ముందర గుంపు కూడారు. కొందరు బిడ్డను గప్‌చుప్‌గా వంకలో పూడ్చి మరిచిపోదామన్నారు. కొందరు సరళను పుట్టింటికి పంపమన్నారు. ఓనరుతో పెట్టుకుంటే పని పోతుందని, మళ్లీ ఏ ఎండిన చేనుకు పోతామని ముసలివాళ్లు భయపడ్డారు. నేను జాయ్ చెప్పిందంతా చెప్పాను. సగం మంది విన్నారు, సగం మంది నవ్వారు.

అప్పుడు ప్రతాప్ గుంపు మధ్యకు వచ్చాడు. ఆ పొద్దునే కొచ్చి నుంచి తిరిగి వచ్చి, అంతదాకా లారీ చక్రం పక్కన కూర్చొని ఉన్నాడు.

"సరళను ఎవురూ అనగాకండప్పా. రోగం నేను తెచ్చినా. రోడ్డు మీద నెలలు నెలలు తిరిగి తెచ్చినా," అన్నాడు.

అక్కమ్మ లేచి కొడుకు చెంప మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఎవరూ అడ్డం పోలేదు. తర్వాత అలాగే అతని చొక్కా పట్టుకొని గుంపు వైపు తిరిగింది.

"వీని తప్పు వీనిదే, దాన్ని నేను ఇడిచిపెట్టను. గాని గేటుకు తాళం వీడు ఎయ్యలేదు. ఆసుపత్రిలో రక్తం చూడకుండా చేసింది వీడు కాదు. ఆ రోగం ఈ కాలనీలో ఇంకెంతమందికి ఉండాదో మీకు తెలుసునా? నల్లప్పా, నువ్వు సరళను తిడతాండావే, నీ పెండ్లాం రక్తం ఎవురైనా చూసినారా?"

నల్లప్ప కూడా రెండేళ్ల కిందటి దాకా లారీలు తోలినవాడే. చౌడేశ్వరి లోపలి నుంచి వచ్చి, ఎవరినీ చూడకుండా నడిచి, సరళ పక్కన కూర్చుంది.

బిడ్డను ఎక్కడ పూడ్చాలని ఎవరో అడిగారు. "వాని గేటు ముందర," అంది సరళ.

మర్నాడు పొద్దున షిఫ్టుకు బెల్లు కొట్టే వేళకు కాలనీ అంతా గేటు ముందర ఉంది. లారీలు బయటికి వచ్చే దారి మధ్యలో ప్రతాప్ గుంత తవ్వాడు. గట్టి నేల. గడ్డపార దిగలేదు. నల్లప్ప ఇంకో గడ్డపార తెచ్చి ఎదురుగా నిలబడి పొడిచాడు. సరళ తన చేతులతో బిడ్డను దించింది. పాస్టరు ప్రార్థన చేశాడు. అక్కమ్మ మా పద్ధతిలో మట్టి మీద పాలు పోసింది. చుట్టూ మేం కూర్చున్నాం.

జయరాం కారు దిగి మట్టిని చూశాడు. మొదట తిట్టాడు. తర్వాత లోపల లోడుతో ఉన్న లారీని బయటికి తీయమని డ్రైవరు ఓబిలేష్‌కు చెప్పాడు. ఓబిలేష్ ఇంజను స్టార్టు చేసి గేటు దాకా వచ్చాడు. మట్టిని చూశాడు, సరళను చూశాడు. ఇంజను ఆపి దిగి, తాళంచెవి జయరాం కాళ్ల ముందర పారేశాడు.

"నువ్వే తోలుకో రెడ్డీ," అని వచ్చి మాలో కూర్చున్నాడు.

లోపల రాత్రి షిఫ్టువాళ్లు తిప్పుతున్న మిషన్లు ఒక్కటొక్కటే ఆగాయి. రాయి కోసే ఆ రొద లేకుండా ఆ జాగాను నేను ఎప్పుడూ వినలేదు. పక్క ఫ్యాక్టరీల నుంచి జనం రావడం మొదలైంది.

మేం అడిగినవి దాచుకోలేదు. మంగళవారం కూలి కోయకుండా గేటు తెరవాలి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇక్కడే, అందరి ముందర, రక్తం చూడాలి. కమిటీ నుంచి జయరాంను తీసేయాలి. బిడ్డ చావుకు అతని మీద కేసు పెట్టాలి.

వ్యానులో పోలీసులు వచ్చారు. వాళ్ల వెనక డాక్టరు, ఇద్దరు నర్సులు, పెట్టెలు. నెలల తరబడి రాని సామాన్లు ఒక్క పూటలో వచ్చాయి. దారి ఆగేసరికి సర్కారుకు దారి దొరికింది.

డాక్టరు కుర్చీ వేసుకోగానే, ముందు ఓనరు రక్తం చూడమని అక్కమ్మ అడిగింది. మాకందరికీ రోగమన్నాడు కదా, ఆయన ఎంత శుద్ధమో మేమూ చూస్తామంది. వందల మంది అతని వైపు తిరిగారు. జయరాం కారు వైపు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. చేతిలోని ఫోను జారి రాళ్ల బురదలో పడినా తీసుకోలేదు. అతను పరిగెత్తుతుంటే మేం నవ్వాం. అది మంచి నవ్వు కాదు. అయినా కడుపు నిండా నవ్వాం.

నల్లప్ప మొదట చొక్కా చేయి పైకి మడిచాడు. వరసగా అందరం రక్తం ఇచ్చాం. నల్లప్పకూ చౌడేశ్వరికీ ఆ రోగం ఉందని తేలింది. చౌడేశ్వరికి ఇంకా నాలుగో నెలే. అక్కడే సూది వేశారు. సమయానికే వేశామని, బిడ్డ దక్కుతుందని డాక్టరు చెప్పాడు. అప్పుడు చౌడేశ్వరి ఏడ్చింది. ఆమెను పట్టుకొని సరళ ఏడ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి ఆమె కళ్లలో నీళ్లు చూడడం అదే మొదలు.

సాయంత్రం ఎస్సై అక్కమ్మను వ్యాను ఎక్కమన్నాడు. దారికి అడ్డం పడినందుకు, వేరేవాళ్ల జాగాలో శవం పూడ్చినందుకు కేసు అన్నాడు. జయరాం మీద కేసు సంగతి పైవాళ్లు చూస్తారన్నాడు. బిడ్డను తవ్వి తీయాల్సి వస్తుందని కూడా అన్నాడు.

"తవ్వండి సార్," అంది అక్కమ్మ. "తవ్వేవాడు ముందు వాని పేరూ వాని ఊరూ మాకు చెప్పి గడ్డపార ఎత్తాల. మేము మతిలో పెట్టుకుంటాము."

గడ్డపార ఎవరూ ముట్టలేదు. అక్కమ్మ తనకు తానే వ్యాను ఎక్కింది. వ్యాను పోయే దారి పొడుగునా ఫ్యాక్టరీల్లో మిషన్లు ఆగుతూ పోయాయి.

ఆమె లేచిన చోట సరళ కూర్చుంది.

రెండు రోజులకు జయరాం తరఫున ఊరి పెద్ద తిప్పయ్య రాజీకి వచ్చాడు. మంగళవారం గేటు తెరుస్తారని, కమిటీ నుంచి జయరాం తనంతట తానే తప్పుకుంటాడని, అక్కమ్మను విడిపిస్తాడని, సరళకు ఎన్ని దుడ్లు కావాలన్నా ఇస్తాడని చెప్పాడు. బదులుగా బిడ్డను తీసి వేరేచోట పూడ్చుకుంటే చాలన్నాడు. లోపల లోడు అలాగే నిలిచిపోయిందని, బేరగాళ్లు పోతున్నారని కూడా నోరు జారాడు.

సరళ కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

"వాన్ని ఈడికి నడిచి రమ్మను తాతా. ఈ మట్టి ముందర మోకాళ్ల మీద కూర్చొని, నిన్ను చంపింది నేనే అని నా బిడ్డకు చెప్పల్ల. చెప్పి, వాని కోసం తలుపు తెరిచిండే జైలుకు పోవల్ల. దుడ్లు వానికే ఇయ్యి, వకీలుకు కావాల్సొస్తాయి."

తిప్పయ్య వెళ్లిపోయాడు. జయరాం ఇంకా రాలేదు. ఏ ఫ్యాక్టరీ హమాలీ అతని బండ ముట్టడం లేదు, ఏ డ్రైవరూ అతని లారీ ఎక్కడం లేదు. రేపు అక్కమ్మను జైలు నుంచి కోర్టుకు తెస్తారు. ఈ దారిలోని ఫ్యాక్టరీల ఆడవాళ్లమంతా అక్కడికి నడిచి పోతున్నాం.