రాముడి వేషం కట్టినవాని పెండ్లాం

వెంకట్రాజం ఏడాదిలో పది నెలలు మనిషి, రెండు నెలలు దేవుడు. యాసంగి కోతలు కాగానే ఆ ఊళ్లో చిరుతల రామాయణం మొదలయ్యేది. చేతుల్లో చిరుతలనే చెక్క తాళాలు, కాళ్లకు గజ్జెలతో మగవాళ్లంతా గుండ్రంగా తిరుగుతూ పాడుతూ ఆడే ఆట అది. అందులో సీత కూడా మగవాడే, మీసాలు గీయించుకున్న ఎల్లస్వామి. రాముడు మాత్రం ఏడేళ్లుగా వెంకట్రాజమే. ఆ రెండు నెలలూ ఆయన చెప్పులు తొడగడు, నీసు ముట్టడు, పెళ్లాం యాకమ్మతో మాట్లాడాల్సి వస్తే గోడ దిక్కు చూసి మాట్లాడతాడు. దేవుడితో కాపురం ఎట్లా ఉంటుందని యాకమ్మను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేది, ఆ రెండు నెలలూ ఎడ్లకు గడ్డి వేసేది తనేనని.

పట్టాభిషేకం రోజు ఊరికి ఒక ఆచారం ఉంది. రాముడి వేషగాని ఇల్లాలు గద్దె ఎక్కి, సీత ఒడిలో ఒడిబియ్యం పోయాలి. ఆమె శుద్ధిగా ఉండి పోస్తేనే వానలు పడతాయని నమ్మకం.

డెబ్బై తొమ్మిదిలో, పట్టాభిషేకం దగ్గర పడ్డాక, యాకమ్మ తల్లికి జబ్బు చేసింది. వరంగల్ దవాఖానలో ఉందని కబురొస్తే చూడటానికి పోయింది. తిరుగు ప్రయాణంలో పాసింజరు బండి నడిమధ్యలో ఆగిపోయింది. ఇంజను చెడిందన్నారు. మిగతా ఆడవాళ్లతో పాటు పెట్టెలోనే కూర్చుని తెల్లవార్చింది. పొద్దున్నే మిర్చి బస్తాల లారీ ఒకటి అటే పోతుంటే బతిమాలి ఎక్కి, డ్రైవరు పక్కన కూర్చుని వచ్చి ఊరి నడుమ దిగింది. అప్పుడే ఆడవాళ్లు గద్దె అలుకుతున్నారు. అందరూ చూశారు.

సీతమ్మ విమానంలో తిరిగొస్తే ఊరు హారతి పట్టింది. యాకమ్మ లారీలో తిరిగొస్తే పంచాయితీ పెట్టింది.

ఆట నేర్పే గురువు వీరభద్రం మంచివాడే. వచ్చిన చిక్కల్లా అదే. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకోవచ్చు.

"రాత్రి ఏడ పండినవ్ బిడ్డా?" అని మెత్తగా అడిగాడు.

"రైలు పెట్టెల. ఆడోళ్లమంత ఆడనే ఉన్నం."

"ఎవలు చూసిండ్లు?"

చూసినవాళ్లంతా మానుకోట దిక్కు ఊళ్లవాళ్లు. ఆకలితో కూచున్న రాత్రి ఎవరు ఎవరి పేర్లు అడుగుతారు?

"నేను అంటలేను బిడ్డా, ఊరు అంటాంది. రాముని ఇంటిది గద్దె ఎక్కాలె గదా. అరచేతుల కర్పూరం ముట్టించుకొని ప్రమాణం చేస్తె అయిపాయె. నిజమైతె కాలదు."

యాకమ్మ మొగుడి దిక్కు చూసింది. ఆయన తలెత్తకుండా కిరీటానికి అద్దం ముక్కలు అతికిస్తున్నాడు. ఇంట్లోకి పోయాక మాత్రం మెల్లగా అన్నాడు, "నాకు అనుమానం లేదే. నువ్వు గసొంటిదానివి కావు."

"గా మాట గద్దె కాడ అనకపోయినవ్?"

"అంటె పెండ్లాం మాటలు పట్టుకున్నడంటరు. రాముని వేషం కట్టినోణ్ని, ఊరి మాట కాదంటె ఎట్ల? ఒక్క కర్పూరం బిళ్లనేనాయె. జర ఓర్సుకో."

ఓర్చుకుంది. గద్దె ముందు నిలబడి, ఎడమ అరచేతిలో బిళ్ల పెట్టి ముట్టించింది. ఆమె ఉత్త మనిషి గనుక చెయ్యి కాలింది. ముందు వరుసలో కూచున్న పిల్లలకు కూడా ఆ వాసన తెలిసింది. బిళ్ల అయిపోయేదాకా చెయ్యి దించలేదు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ చేతికే గుడ్డ చుట్టుకుని గద్దె ఎక్కి ఒడిబియ్యం పోసింది. అన్నేళ్లుగా అగ్గి చుట్టూ చిందులేసిన ఎల్లస్వామికి అగ్గి కాలుతుందని ఆ రోజే తెలిసినట్టుంది, ఆమె చెయ్యి చూసి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఈసారి సీత బాగా ఏడ్చిందని జనం మెచ్చుకున్నారు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆడదాని పరీక్ష ఒక్కసారితో తీరిపోయిందని ఏ పురాణంలో ఉంది? ఆ యేడు మృగశిర కార్తె ఒట్టిగా పోయింది, ఆరుద్ర కూడా పోయింది. నారుమళ్లు ఎర్రబారాయి. మబ్బు దిక్కు చూసీ చూసీ జనం యాకమ్మ దిక్కు చూడటం మొదలుపెట్టారు.

"చెయ్యి కాలింది గదనే! నిజమైతె ఎందుకు కాలుతది?" అన్నది బోరింగు దగ్గర ఒకామె.

కాలకపోతే మంత్రం వేసిందనేవాళ్లు. సీత అడవికి పోయే ఘట్టంలో ఏటా కళ్లు వాచేలా ఏడ్చే ఆడవాళ్లే వీళ్లు. సవరం పెట్టుకున్న మగవాడి కోసం గుండెలు బాదుకుంటారు గానీ, పక్కన బిందె పట్టుకుని నిలబడ్డ ఆడదానికి చోటివ్వరు. చెప్తుంటేనే ఒళ్లు మండుతుంది.

ఒకనాడు అత్త సమ్మమ్మ కోడలి చీరలు మూటగట్టి గడపలో పెట్టింది. "నాలుగొద్దులు తల్లిగారింట్ల ఉండు బిడ్డా. వానలు పడంగనె పిలిపిస్తం."

యాకమ్మ మొగుణ్ని అడిగింది, "నువ్వేమంటవ్?"

"నేను నిన్ను నమ్ముతాన," అన్నాడు వెంకట్రాజం. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు అబద్ధం కావు, అదే ఆమెకు ఎక్కువ కష్టమనిపించింది. "కానీ పంట పోతె ఊరంత మన మీద పడతది."

"నువ్వు నమ్మిన సంగతి నాకొక్కదానికి ఎరుకైతె ఏం లాభం? దొంగసొమ్ము లెక్క ఇంట్ల దాసుకుంటవేంది? మందిల చెప్పు. ఒక్కపారి చెప్పు, ఎవలేమన్నా ఈడనే పడుంట."

ఆయన మూట తీసి భుజాన వేసుకున్నాడు.

నెక్కొండ స్టేషనులో వరంగల్ బండి కోసం నిలబడ్డారు. తల్లి ఇప్పుడు అక్కడి మట్టెవాడలో యాకమ్మ తమ్ముడి దగ్గర ఉంటున్నది. వాళ్లందరికీ కలిపి ఒకటే అర్ర. అందులో తన చాప ఎక్కడ పరుచుకోవాలా అని యాకమ్మ ఆలోచిస్తున్నది. వానలు పడ్డాక పిలుస్తారని ఆమెకు నమ్మకం లేదు. పిలిచినా మళ్లీ ఏ యేడు చినుకు ఆలస్యమైతే ఆ యేడు ఇదే మూట.

పక్క ఊరి ముసలవ్వ ఒకతె, మనవరాలి చెయ్యి పట్టుకుని పోతూ, వెంకట్రాజాన్ని చూసి ఆగింది.

"రామయ్య తండ్రివి గాదూ! ఏషం లేకున్నా గుర్తువట్టిన." చెప్పులు పక్కకు విడిచి ఆయన కాళ్లకు మొక్కింది. పిల్లను కూడా మెడ పట్టి వంచింది. "నీ అసొంటి మొగడు దొరకాలని దీవించు అయ్యా, తల్లి లేని పొల్ల."

వెంకట్రాజం చెయ్యెత్తాడు. అలవాటు మరి. ఒక భుజాన పెళ్లాం మూట, ఇంకో చేత్తో దీవెన.

యాకమ్మ వంగి పిల్లను లేపింది. "లే బిడ్డా. నీకు గసొంటి దీవెన వద్దు."

అవ్వకు కోపం ముంచుకొచ్చింది. "దేవునసొంటి మనిషిని పట్టుకొని గట్లంటవా? ఎవలు నువ్వు?"

"ఆయన పెండ్లాన్ని అవ్వా."

నిజమేనా అన్నట్టు అవ్వ వెంకట్రాజం మొహంలోకి చూసింది. అక్కడ గద్దె లేదు, ఊరివాళ్లు లేరు. ఔనంటే సరిపోయేది.

ఆయన బండి వస్తున్నదేమోనని పట్టాల దిక్కు చూశాడు.