బొట్టు పెట్టిన కన్ను

పొద్దున లేవగానే బర్రెకు కుడితి పెట్టాలి. పెళ్లాం పోలమ్మకు జడ అల్లాలి. ఆమె రవిక హుక్కులు పెట్టాలి. సద్ది కట్టుకోవాలి. అందరికంటే ముందు షెడ్డు చేరి, రంపం మీదికి నీళ్లొదిలే తొట్టి నింపాలి. సెన్సారు అద్దాలు తుడవాలి.

జడ అల్లడం కాశయ్యకు మొదట్లో చేతనయ్యేది కాదు. గొర్రెలు కాసిన చేతులు, నులక పేనినట్టు బిగించేవాడు. మార్కాపురంలో రాతిపలకలు కోసే షెడ్డులో పాత రంపం పోలమ్మ కుడిచేతి వేళ్లు తీసుకుపోయినప్పటి నుంచి ఆ పని ఆయనదే. ఇప్పుడు ఆ జడ చూసి వీధిలో ఆడవాళ్లు ముచ్చటపడతారు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు షెడ్డుకు కొత్త రంపం వచ్చింది. దాని ముందు అటొక కడ్డీ, ఇటొక కడ్డీ. వాటికి అద్దాలు, అద్దాల మధ్య కంటికి కనపడని వెలుగు. ఆ వెలుగుకు మనిషి చెయ్యి అడ్డమొస్తే చాలు, రంపం ఠక్కున ఆగిపోతుంది. మొదటిసారి అది చూసి కాశయ్య చేతులెత్తి మొక్కాడు. అయితే అద్దం మీద రాతిపొడి పేరుకున్నా ఆగేది. పని సాగక మిగతావాళ్లు విసుక్కునేవాళ్లు.

దసరాకు ఆయుధపూజ చేశారు. మర్నాడు స్విచ్చు నొక్కితే రంపం కదల్లేదు. చూస్తే, సెన్సారు అద్దానికి నిండా పసుపు, నడుమ కుంకుమ.

రంపం నడిపే నాగులు పగలబడి నవ్వాడు. "ఏంది మామా, కంట్లో బొట్టు పెడితే దానికెట్ల కనపడతాది?"

కాశయ్య నాలిక కరుచుకున్నాడు. "నిజమే అల్లుడా. దేవుడికైనా నొసట పెడతాం గాని కంట్లో పెడతామా? తెలివి తక్కువైంది." అద్దం తుడిచి, కడ్డీ తలమీద మళ్లీ బొట్టు పెట్టాడు.

యజమాని చెన్నకేశవులు మాత్రం నవ్వలేదు. "ఇది మనకు అచ్చిరాలేదు కాశయ్యా. ఈ పొద్దు మళ్లా ఉత్తపుణ్యానికి ఆగిందంటే రేపు పీకిచ్చేస్తా."

"వద్దు నాయనా. పొద్దుగూకేదాకా నేను దీన్ని ఇడిసి కదల్ను. పొడి పడనియ్యను."

అన్నట్టే కదల్లేదు. కడ్డీ పక్కన నిలబడి, రంపం ఆపి రాయి మార్చినప్పుడల్లా తడిగుడ్డతో అద్దాలు తుడిచాడు. సద్ది విప్పలేదు. ఏళ్ల తరబడి రాతిపొడి తిన్న రొమ్ము, దగ్గొస్తే పక్కకు తిరిగి దగ్గేవాడు, మళ్లీ అద్దం వైపు తిరిగేవాడు. రంపం ఒక్కసారి కూడా ఉత్తగా ఆగలేదు. "మామ పసిబిడ్డకు మూతి తుడిచినట్టు తుడుస్తాండాడే" అని నాగులే మెచ్చుకున్నాడు.

ఎండ రేకుల మీంచి దిగుతుండగా రంపం ఆగింది.

నాగులు కొత్త రాయి దగ్గర వంగి ఉన్నాడు, తలెత్తలేదు. "మామా, ఆగింది. తుడువు!"

రంపం మళ్లీ తిరగలేదు.

తిరిగి చూశాడు. కాశయ్య రంపం బల్ల మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. కుడిచెయ్యి వెలుగుకు అడ్డంగా చాచి ఉంది. వేళ్లకు జానెడు దూరంలో రంపం కదలకుండా నిలిచి ఉంది. నాగులు ఎత్తి పట్టుకునేసరికే ఊపిరి లేదు. అద్దాలు మాత్రం అద్దంలాగే ఉన్నాయి, ఒక్క పొడి నలుసు లేదు.

కబురు తెలిసి పోలమ్మ వచ్చింది. ఏడవకముందు ఆయన కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుని, ఒక్కొక్క వేలే తడిమింది.

"ఏళ్లన్నీ ఉండాయి," అంది.

చెన్నకేశవులు మొహం పక్కకు తిప్పుకున్నాడు. సెన్సారు పీకించే మాట ఆ షెడ్డులో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మార్కాపురం రాయి పరిచిన గచ్చు మీద ఎప్పుడైనా కాలు పెడితే, కాశయ్యను ఒకసారి తలుచుకోండి. షెడ్డు గడప బయట ఆయన విడిచిన టైరు చెప్పులు, మడమల దగ్గర అరిగి, సన్నటి నల్లపొడి నిండి, లోపలి వైపుకే తిరిగి ఉన్నాయి.