నేను చెప్పినట్టే చేసింది

ఆ రోజు ఇంట్లో నలుగురం. రెండోసారి తల దువ్వుకుంటున్న అక్క, మా పాత కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిన పాపానికి దానికి ఆస్థాన వైద్యుడైన బాబాయి, తనకు కావలసినవే వినిపించే నానమ్మ, నేను.

పదకొండింటికి కంప్యూటర్లోనే అక్కకు ఉద్యోగం ఇంటర్వ్యూ. ఇంతకు ముందు రెండు పోయాయి. ఇది కూడా పోతే ఇంకెక్కడికీ దరఖాస్తు పెట్టనని ఒట్టు పెట్టుకుంది. పదింపావుకి చూస్తే కెమెరాలో అంతా చీకటే.

"కెమెరాకో ప్యాకేజీ, అదే, చిన్న ప్రోగ్రాము వెయ్యాలి, అంతే," అన్నాడు బాబాయి స్టూలెక్కి ఫ్యాను తుడుస్తూ. "నేను చెప్తా, నువ్వు కొట్టు. ఏదడిగినా అవునను."

అవుననడం నాకు అలవాటే. బళ్లో పాఠం అర్థం కాకపోయినా అవుననేదాన్ని.

కొట్టాను. తీసేయబోయే ప్రోగ్రాములివీ అంటూ తెరంతా పేర్లు పాకాయి. ఇది ప్రమాదమనీ, అయినా కావాలంటే 'అవును, నేను చెప్పినట్టు చెయ్యి' అని ఇంగ్లీషులో పూర్తిగా రాయమనీ కంప్యూటర్ అడిగింది.

"బాబాయ్, ఏదో వాక్యం రాయమంటోంది."

"రాయవే. రోజూ డైరీ నింపుతావుగా."

రాశాను. ఈ ఇంట్లో నేను చెప్పినట్టు చేసింది అదొక్కటే. బొమ్మలు, మౌసు బాణం అన్నీ మాయమై, నల్లటి తెర మీద ఒక గీత కన్ను కొడుతూ మిగిలింది.

అక్క దువ్వెనతో వచ్చింది. "ఏం చేశావే?"

"అవునన్నాను."

"దేనికి?"

"అన్నిటికీ."

"మళ్లీ మొత్తం ఎక్కించాలి. రెండు గంటలు," అన్నాడు బాబాయి.

"టీవీలో మాట్లాడకూడదూ," అంది నానమ్మ.

అక్క ఏడవలేదు. దువ్వెన పళ్లు ఒక్కొక్కటే విరుస్తోంది. నాకు భయమేసింది.

"ఏమేం తీసేసిందో ఎక్కడా రాసుకోదా, బాబాయ్?"

బాబాయి తల గోక్కున్నాడు. ఉందట, అన్నీ గంటా నిమిషంతో సహా రాసుకునే ఫైలు. ఆ నల్లటి తెర మీదే తెరిచాడు. పోయిన పేర్లు నేను చదివాను, ఆయన తిరిగి వేశాడు. పదకొండుకి నాలుగు నిమిషాలుండగా బొమ్మలన్నీ వచ్చాయి. కెమెరాలో మాత్రం చీకటే.

అప్పుడు చూశాను. కెమెరా కంటి మీద చిన్న నల్ల టేపు ముక్క.

"అక్కా, ఇది..."

"నేనే అంటించా," అంది అక్క చిన్నగా. "ఎవరైనా చూస్తారేమోనని."

అక్క టేపు పీకింది. ఫోను మోగినట్టు కంప్యూటర్ మోగింది. బాబాయి, నానమ్మ గదిలోంచి బయటికి నడిచారు.

"మళ్లీ ఆగిపోతే? పక్కనే కూర్చోనా?" అన్నాను గుమ్మంలో ఆగి.

"గుడ్ మార్నింగ్ సర్," అంది అక్క తెరకేసి నవ్వుతూ. ఆ నవ్వు చెదరకుండానే కాలు చాపి, నా ముక్కు మీదికి తలుపు తోసేసింది.