ఈల మోగాక

సమ్మె నడుస్తుండగానే మా రంగుల మిల్లు యజమాని చెప్పాపెట్టకుండా ఉడాయించాడు. మిల్లు మా చేతికొచ్చింది. ఇక ఎవరూ ఎవరికీ పైవాళ్ళు కారని తీర్మానించుకున్నాం. ఏ పనికైనా అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి. బట్టకు ముందు నీలం అద్దాలా, ఎరుపు అద్దాలా అన్నది తేలేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. అయినా ఆ రోజులంటే నాకు ప్రాణం.

ఒక మధ్యాహ్నం బాయిలర్ గొట్టం పగిలింది. ఆవిరి కట్టేయాలా, బయటికి పరిగెత్తాలా అని మేం వాదించుకుంటుండగానే రంగు తొట్టి దగ్గరి ముసలాయన ఒళ్ళు కాలి చనిపోయాడు. మర్నాడు మా అక్కే లేచి ఒక నిబంధన పెట్టింది. బాయిలర్ చూసేవాడి చేతిలో ఈల ఉండాలి. అది మోగితే అందరూ ఆవరణలోకి వచ్చేయాలి, అప్పుడు అభ్యంతరాలుండవు. లోపలే ఉండిపోయినవాళ్ళకు మిల్లులో చోటు లేదు. అందరం సరేనన్నాం. బాయిలర్ చూసేది అక్క మొగుడు, మా బావ. నెమ్మదస్తుడు.

మొదట్లో ఈల ఆవిరి కోసమే మోగేది. తర్వాత పనికి ఆలస్యమైతే మోగింది, కబుర్లు ఎక్కువైతే మోగింది. ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉండేది. నిజం చెప్పొద్దూ, పని కూడా చకచకా సాగేది. భోజనానికి కూర్చున్నా బావ దాన్ని మెడలోంచి తీయడం మానేశాడు. నాకు లోపల గుబులుగా ఉండేది.

"రేపు మీటింగులో అడుగుతాను. ఈల వారానికొకరి దగ్గర ఉండాలి," అంది అక్క ఒక రాత్రి నాతో, ఆయన ఎదుటే.

"అడక్కు," అన్నాడు బావ, కంచంలోంచి తలెత్తకుండా.

బాయిలర్ కడిగే రోజునే మీటింగు పెట్టుకుంటాం. ఆ రోజు మంటుండదు, చప్పుడుండదు. అక్క లేచి నాలుగు మాటలు చెప్పిందో లేదో, ఈల మోగింది.

బాయిలర్ చల్లగా ఉందని అందరికీ తెలుసు. పొద్దున బూడిద ఎత్తింది మేమే. అయినా అందరూ బెంచీల మీంచి లేచారు. నా కాళ్ళూ నన్నడక్కుండానే ఆవరణలోకి నడిచాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. అక్క మాత్రం రాలేదు. "మంటేదండీ?" అని లోపలినుంచి అడుగుతూనే ఉంది.

"లోపల ఎవరైనా ఉండిపోయారా?" అన్నాడు బావ. "ఉంటే వాళ్ళకిక ఇక్కడ చోటు లేదు."

"నేనొప్పుకోను బావా," అన్నాను. ఒక్కరు కాదన్నా ఆగిపోవాలి కదా.

"ఈల మోగింది కదమ్మా. మోగాక అభ్యంతరాలుండవు. మీ అక్క చెప్పిన మాటేగా."

చుట్టూ చూశాను. ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు. బావ ఈలను చొక్కాలోకి జార్చి, గోడవారగా నిలబడ్డాడు. అక్కను బయటికి పంపమని ఆయన ఎవరికీ చెప్పలేదు. నలుగురు వాళ్ళంతట వాళ్ళే లోపలికి వెళ్ళారు.